తడిసినవి మూడే

పసిదాని గుడ్డలు ఉతికి పిండి ఆమె మళ్లీ లెక్కపెట్టుకుంది. పొద్దుటి నుంచి తడిసినవి మూడే. పోయిన వారం ఈ వేళకి ఎనిమిదో తొమ్మిదో ఉతికేది. రెండు గుక్కలు తాగీ తాగకుండానే పిల్ల నిద్రలోకి జారుకుంటోంది, తొడల మీద చర్మం వదులైంది. ఆ మాటే అత్తగారితో అంటే, నీకు పాలు లేక నెపం పిల్ల మీద పెడుతున్నావంది. భర్త తలెత్తకుండానే, ఫోన్లో ఏవేవో చదివి మమ్మల్ని భయపెట్టకు అన్నాడు.

ఈ మహమ్మారి రాకముందు పిల్లల నర్సు ఇంటికే వచ్చి, పిల్లను తూచి, తల్లి పక్కన కాసేపు కూర్చునేదట. ఇప్పుడు వారానికోసారి ఫోనే. తల్లి తానుగా అడిగితేనే గడప దాకా వస్తుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఈ ఇంట్లో అడిగే వీలు అమ్మకే లేదు. ఆసుపత్రిలో రాయించింది భర్త నంబరు. రెండు నెలలుగా నర్సుతో అతనే మాట్లాడుతున్నాడు. ఆమె పడుకుందండీ అంటాడు. అప్పుడామె అంట్లు తోముతూనో, అతని మీటింగుకి టీ కాస్తూనో ఉంటుంది. నర్సు రోగం మోసుకొస్తుందని అత్తగారి భయం. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఆవిడ తీర్పు. ఆ కంద తనేనని, దురద ఓర్చుకోలేకపోతున్నానని ఎవరితో చెప్పుకోవాలి?

హాల్లో ఫోన్ మోగింది. స్పీకర్లో నర్సు గొంతు. పాప రోజుకి ఎన్ని గుడ్డలు తడుపుతోందని అడిగింది.

"పదీ పన్నెండు," అన్నాడు భర్త, లాప్‌టాప్ మీంచి చూపు తిప్పకుండా.

పిల్ల పుట్టి రెండు నెలలైనా ఒక్క గుడ్డ ముట్టిన పాపాన పోలేదు. తను చెప్పింది అబద్ధమని కూడా అతనికి తెలియదు. ఆమెకి ఒళ్లు మండిపోయింది. చేతులైనా తుడుచుకోకుండా వెళ్లి ఫోన్ లాక్కుంది. తడి తగిలితే పాడైపోతుందని అతను కసిరాడు.

"మూడే తడిపింది. పాలు తాగట్లేదు. లేపినా సరిగ్గా లేవట్లేదు. మీరు రావాలి."

"ఎవరమ్మా మాట్లాడేది?" అంది నర్సు.

నర్సొస్తే తలుపు తీసేది లేదని గుమ్మంలోంచి అత్తగారు గట్టిగానే అంది.

"తల్లిని. మీరు గడప దాకా రానక్కర్లేదు. పిల్లనెత్తుకుని వీధిలో నిలబడి ఉంటాను."