తొమ్మిదిలోనే ఎంచుకోమన్నారు

ఆ ఏడు నా కాలు ఒకచోట నిలవలేదు. పంతొమ్మిది వందల యాభై తొమ్మిది, ఎండాకాలం. మా పెద్దపిల్ల పోలేరమ్మ, ఇంట్లో అందరికీ పోలి, అల్లూరు హైస్కూల్లో ఎనిమిదో తరగతి పాసయింది. సముద్రానికీ కాలవకూ నడుమ ఇసకలో వుండే మా పాలెంలో అంతదాకా చదివింది అదొక్కతే. నేను మూడో తరగతిలో మానేసినదాన్ని. సంతకం చేస్తా, బస్సు మీద వూరిపేరు కూడబలుక్కుంటా, అంతే. అయినా దాన్ని లెక్కల్లో డిగ్రీ దాకా చదివించాలని నాకు పట్టుకుంది.

ఎందుకంటే దాని వాలకం అట్టా వుండేది. అన్నం తింటా తింటా ఎంగిలి చేత్తోనే కంచం పక్కన లెక్కలు గీసేది. "మే, అన్నం తిను" అంటే, "వుండుమా, ఇది తేలిపోవస్తా వుండాది" అనేది. అది తేలేటప్పటికి పులుసు చల్లారిపోయేది.

దాని లెక్కల అయ్యవారు యెహోషువగారు. నా గంప దగ్గర వారానికి రెండుసార్లు చేపలు తీసుకొనేవారు. ఆ రోజు కానాగంతలు ఏరుకుంటా అన్నారు:

"కామమ్మా, నీ కూతురికి ఇప్పుడు దారులు రెండుండాయి. పాతదారిలో అయితే ఇక్కడే తొమ్మిది, పది, పదకొండు చదివి ఎస్సెస్సెల్సీ రాస్తుంది. తర్వాత కాలేజీలో ఒక ఏడాది పి.యు.సి. ఆ పైన డిగ్రీ మూడేళ్ళు. కొత్తదారి ఇంకోటి వచ్చింది. నెల్లూరులో మల్టీపర్పస్ స్కూలు. అందులో పన్నెండో తరగతి దాకా వుంటుంది. అది పాసయితే పి.యు.సి.తో పని లేదు, నేరుగా డిగ్రీలో కూర్చోవచ్చు."

"అయితే ఒక ఏడు కలిసొస్తదా సార్?"

"ఒక్కరోజు కూడా రాదు. వేళ్ళు మడిచి చూసుకో. అక్కడా నాలుగే, ఇక్కడా నాలుగే."

మడిచి చూసుకున్నా. నిజమే. "మరి తేడా యాడుంది?"

"పి.యు.సి.లో చేరిన పొద్దు నుంచీ అంతా ఇంగ్లీషే. తెలుగులో చదివిన పిల్లలు బిత్తరపోతారు. నా మేనల్లుడు రెండుసార్లు తప్పినాడు, లెక్కల్లో పులి వాడు. కొత్త స్కూల్లో అయితే నాలుగేళ్ళూ మెల్లమెల్లగా అలవాటు చేస్తారు. కాకపోతే అక్కడ తొమ్మిదిలోనే గ్రూపు ఎంచుకోవాలి. ఇక్కడ పదకొండు దాకా ఎంచుకొనే పనే లేదు, పి.యు.సి.లో చూసుకోవచ్చు."

గ్రూపు మాట ఆయన చెప్పినారు. చెప్పలేదని నేను అనను. నేనే మేనల్లుడు రెండుసార్లు తప్పిన దగ్గర ఆగిపోయినా.

ఇంక అప్పటినుంచి ఎవురు కనిపిస్తే వాళ్ళని అడగటమే. అల్లూరు పోస్టాఫీసు ముందర గంప దించి పోస్టుమాస్టరును అడిగినా. బస్సు కండక్టరును అడిగినా. పెద్దిళ్ళలో చేపలు వేస్తా ఇంటికొచ్చిన అల్లుళ్ళను కూడా వదల్లేదు. ఒకాయన పి.యు.సి.నే గట్టిదన్నాడు, కాలేజీ గాలి తగులుతుందన్నాడు. ఇంకొకాయన పన్నెండే గట్టిదన్నాడు, పునాది పడుతుందన్నాడు. ఒకావిడయితే చేప తోక పట్టుకొని ఎత్తి చూస్తా, "ఏమే, మీ పిల్ల డిగ్రీ చదివితే మాకు చేపలెవురు తెస్తారు?" అనింది. "మీ పిల్లోడు తెస్తాడులే అమ్మా, మూడేళ్ళుగా ఎనిమిదిలోనే వుండాడంట గదా" అని వచ్చేసినా. ఆ ఇంట్లో మళ్ళీ నా చేపలు కొనలేదు.

మా ఇంటాయన మునెయ్య వలకు పడ్డ చిరుగు కుట్టుకుంటా నవ్వేవాడు. "రెండూ నాలుగేళ్ళే అంటివి. మరి నాలుగు రోజుల్నుంచి ఏంది నీ తిరుగుడు?"

"నీకేం తెలుసు, నువ్వు నోరు మూసుకొని కుట్టుకో."

"నేను నోరు మూసుకొనే కుడతా వుండా. నీదే మూతపడటం లేదు."

ఆఖరికి కొత్త స్కూలే అనుకున్నాం. నర్సు రెబెక్కమ్మ, మా పోలి పుట్టినప్పుడు నాకు పురుడు పోసినావిడ. అల్లూరు నుంచి నెల్లూరుకు మారిపోయింది. "మా ఇంట్లో నేనూ మా అమ్మే గదా, పిల్లని పెట్టు" అని కబురంపింది. ఇంకేం కావాల?

జూన్‌లో తెల్లారి బల్లకట్టు మీద కాలవ దాటి, అల్లూరు దాకా నడిచి, బస్సెక్కి నేనూ పోలీ నెల్లూరు పోయినాం. స్కూలు వరండాలో జనం కిక్కిరిసి వుండారు. చెప్పులేసుకున్న నాయనలు, జరీ చీరలు కట్టిన తల్లులు. చేపల వాసన రాకూడదని నేను ముందురోజే రెండుసార్లు తల రుద్దుకున్నా. అయినా నా పక్కన చోటు వుంటానే వుండింది.

మా వంతు వచ్చేటప్పటికి పన్నెండు దాటింది. గుమాస్తా తలెత్తకుండానే అడిగినాడు, "ఏ గ్రూపు?"

"లెక్కలు" అనింది పోలి.

"దానికి మూడుగంటలకు పరీక్ష వుంది. రాసినాకే సీటు. వచ్చేది ముప్పై మందికే, బయట నూరుమంది వుండారు. గృహశాస్త్రం గ్రూపులో అయితే ఇప్పుడే రాసుకుంటా. వంట, కుట్టు, పిల్లల పెంపకం. ఏదో ఒకటి చెప్పండమ్మా, ఎనక జనం వుండారు."

ఇక్కడ మా పాలెం సంగతి ఒకటి చెప్పాల. మాకు అలివి వల అంటే పెద్దవల, పదిహేను ఇరవై మంది కలిసి ఒడ్డుకు లాగాల. ఏ వలకు పని చేసేవాడు ఆ వల ఆసామి చేతి వక్క తీసుకుంటాడు. తీసుకుంటే ఆ ఏడంతా ఆ వలే. అమ్మవారి పొంగళ్ళు అయిన మర్నాడు ఇష్టం లేకపోతే వక్క తెచ్చి ఆసామి ముందర పెట్టి, నచ్చిన వలకు పోతాడు. ఎవురూ ఏమీ అనుకోరు. మా ఆయన ఆరేళ్ళలో నాలుగు వలలు మారినాడు. అందుకని ముందు ఏదో ఒక వలలో చెయ్యి పడాల, ఒడ్డున నిలబడిపోకూడదు, అంతే నాకు తెలిసింది. గ్రూపు అన్నా అదే అనుకున్నా. ఈ ఏడు ఇది, పై ఏడు అది.

పోలి నా కొంగు లాగింది. "మా, నేను రాస్తా పరీక్ష."

"తప్పితే? అదీ పోయి, ఇదీ పోయి, మళ్ళీ అల్లూరు పోతామా? నోరు మూసుకో. ముందు లోపలికి చేరు. పై ఏడు మారచ్చు."

గుమాస్తా నా మాట వినలేదో, విన్నా పట్టించుకోలేదో. కాగితం తిప్పి పెట్టినాడు. కా-మ-మ్మ అని మూడక్షరాలూ దిద్ది సంతకం చేసినా. చేసి, పెద్ద పని అయిపోయినట్టు గాలి పీల్చుకున్నా.

దసరా సెలవులకు పోలి ఇంటికి వచ్చింది. నాలుగు జేబురుమాళ్ళు కుట్టుకొచ్చింది, మూలల్లో గులాబి రంగు పూలు. బాగుండాయి. అన్నం మాత్రం కిందకు చూసుకొని తినేసింది, కంచం పక్కన గీతలేమీ లేవు. పులుసు వేడిగానే అయిపోయింది. 

మర్నాడే యెహోషువగారు గంప దగ్గరికి వచ్చినారు. "లెక్కల గ్రూపు ఎట్టా వుందంటుంది మన పోలేరమ్మ?"

"ఈ ఏడు కుట్టుగ్రూపు సార్. లెక్కలు పై ఏడు."

ఆయన చేతిలో వుండే చందువ చేపను గంపలో పడేసినారు. "కామమ్మా! ఆ గ్రూపు మారదు. తొమ్మిదిలో ఏది పడితే పన్నెండు దాకా అదే. దాన్లోంచి లెక్కల డిగ్రీకి దారి లేదు."

"వక్క తిరిగిచ్చేస్తాం సార్!"

నా నోట్లోంచి అదే వచ్చింది. ఆయనకు అర్థం కాలేదు. నాకు మాత్రం ఆ మాట అన్న తర్వాతే అంతా అర్థమయింది.

ఆయన రెండు ఉపాయాలు చెప్పినారు. ఒకటి, పై జూన్‌లో అక్కడే పరీక్ష రాసి మళ్ళీ తొమ్మిది నుంచి లెక్కల గ్రూపు చదవటం. ఏడు పోతుంది, ఇంగ్లీషు భయం వుండదు. రెండోది, టీసీ తెచ్చుకొని ఇప్పుడే అల్లూరు తొమ్మిదిలో కూర్చోవటం. ఏడు పోదు, కానీ ముందర పి.యు.సి. కాచుకొని వుంటుంది. "అది కూడా ఈ నెలాఖరు లోపలే. దాటితే హాజరు చాలదు, నేను హెడ్మాస్టరుగారిని అడిగినా లాభం లేదు."

నేను గంప అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తినా. పోలి గుమ్మంలో తమ్ముడికి చొక్కా గుండీ కుడతా వుంది.

"మే! ఆ గ్రూపు మారదంట!"

"తెలుసు."

"ఎప్పుడు తెలుసు?"

"చేరిన వారానికే. టీచరు చెప్పింది."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

సూది ఆపలేదు. "నోరు మూసుకోమంటివి గదా."

ఆ క్షణం దాన్ని కొట్టాలనిపించింది. కొట్టడానికి చెయ్యి రాలేదు. మునెయ్య గుంజకు ఆనుకొని కూర్చున్నాడు, ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్వేవాడు ఆ పొద్దు నా మొహం వైపు కూడా చూడలేదు.

సెలవులయి నెల్లూరు స్కూలు ఆఫీసు తెరిచేది ఇంక తొమ్మిది రోజులకు. ఆ తొమ్మిది రోజులూ నేను ఎట్టా తిరిగినానో ఇసకనే అడగాల. చేపలు అమ్మడానికి పోయి సగం గంప తిరిగి తెచ్చేదాన్ని. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే యాడికి పోవాలో తెలిసేది కాదు. ఒక పూట, ఏడు పోతే పోయింది, నిమ్మళంగా నెల్లూరులోనే చదవనీ అనుకొనేదాన్ని. ఇంకో పూట, మా పాలెంలో పద్నాలుగు దాటిన పిల్లను ఇంకో ఏడు ఎక్కువ చదివించనిస్తారా, ఎవురో ఒకడు సంబంధమని రాడా, అల్లూరే మేలు అనుకొనేదాన్ని. మళ్ళీ ఆయన మేనల్లుడు గుర్తుకొచ్చేవాడు. వాణ్ణి నేను ఎప్పుడూ చూడలేదు, అయినా వాడి మొహం నాకు కనపడేది.

ఏడోరోజు ఒడ్డున చేపలు ఆరేస్తా వుంటే అడిగేసినా. "పోలీ, నువ్వు చెప్పవే. ఏం చేద్దాం?"

అది తల తిప్పి చూసింది. నేను పరాచికం ఆడతా వుండానా లేదా అని చూసినట్టుంది.

"అల్లూరు" అనింది.

"పి.యు.సి.లో ఇంగ్లీషు?"

"రాకపోతే నేర్చుకుంటా. తప్పితే మళ్ళీ రాస్తా. ఇంకో ఏడు జేబురుమాళ్ళు కుట్టలేనుమా."

"తప్పితే నన్ను అంటావే."

"అంటా" అనింది, చేపలు తిప్పుకుంటా.

ఆఫీసు తెరిచిన రోజే పోయినాం. మునెయ్య తెల్లారకముందే సముద్రం మీదికి పోయుండాడు. అదే గుమాస్తా. టీసీ అనగానే, "చేరినప్పుడు తొందర, పోయేటప్పుడూ తొందరేనా" అన్నాడు. కాగితం తీసి, "తండ్రి సంతకం కావాల" అన్నాడు.

"ఆయన సముద్రం మీదుండాడు నాయనా."

"అయితే ఆయన ఒడ్డుకొచ్చినాక రండి."

"ఆయన వచ్చేది ఎప్పుడో సముద్రం చెప్పాల. చేర్చినప్పుడు ఈ సంతకమే చెల్లింది గదా. తప్పు చేయడానికి పనికొచ్చిన సంతకం, దిద్దుకోడానికి పనికిరాదా?"

కొంచెం గట్టిగానే అన్నట్టుంది. వరండాలో అందరూ ఇటు తిరిగినారు. లోపలి గదిలోంచి హెడ్మిస్ట్రెస్ బయటికి వచ్చింది, సన్నంగా, కళ్ళద్దాలు. సంగతంతా నిలబడే వినింది.  పోలిని చూసి అడిగింది, "నీకు ఇష్టమయ్యే పోతున్నావా?"

"అవునండీ."

"కుట్టుపనిలో నీకు మొదటి మార్కు వచ్చింది, తెలుసా?"

"తెలుసండీ. లెక్కలకు పోతానండీ."

ఆవిడ చేర్చినప్పటి కాగితం తెప్పించి, నా మూడక్షరాలూ చూసి, గుమాస్తాకు తల వూపింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాం. యెహోషువగారు నా చేతికిచ్చిన తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకం గుడ్డలో చుట్టి తెచ్చినా. చుట్టినా చేపల వాసన పట్టింది. పోలి ఒకసారి మూతి ముడిచి, తెరిచి, పెన్సిలు తీసింది. నాలుగు నెలల పాఠాలు మిగిలిపోయుండాయి. బస్సు కుదుపుకు గీతలు వంకర పోతా వుండాయి, చెరిపి మళ్ళీ గీస్తా వుండాది.

నాకు కాలు నిలవదు గదా. కోవూరు దాటినాక అడిగినా. "నా మీద కోపమా పోలీ?"

పలకలేదు.

"పి.యు.సి. గట్టెక్కుతావంటావా?"

అది ఇంకో గీత గీసింది. రెండు ఊళ్ళు దాటినాయి. మళ్ళీ అడగబోయినా. అది పెన్సిలు ఎత్తకుండానే ఎడం చెయ్యి నా మోకాలి మీద పెట్టి, నొక్కి పట్టుకుంది, కదలకుండా.

"వుండుమా" అనింది. "తేలిపోవస్తా వుండాది."