కిరణ్మయి చేసే పని

ఆ ఆదివారం పొద్దున్నే కిరణ్మయికి ఒళ్ళు మండింది. మండదూ మరి? మాట రాని పిల్లలకు, నత్తి ఉన్నవాళ్ళకు పదకొండేళ్ళుగా మాట తెప్పిస్తున్న మనిషి, తన పని గురించి తాను చెప్పుకోవడానికి మొగుడు రాసిచ్చిన కాగితం పట్టుకుని బయల్దేరాల్సి వచ్చింది.

ఢిల్లీలో ఆ ఏడాదంతా సీలింగ్ గొడవ. ఇళ్ళల్లో నడిచే దుకాణాలకు, ఆఫీసులకు మున్సిపాలిటీవాళ్ళు తాళాలేసి సీళ్ళు వేస్తున్నారు. లక్ష్మీ నగర్‌లో ఆమె క్లినిక్ నడిపే గది యజమాని బెదిరిపోయి, నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు. తెలుగు సంఘం భవనంలో వెనక గది ఒకటి ఊరికే పడి ఉంది. అది దొరికితే సరే, లేకపోతే తొమ్మిదిమంది పిల్లలకు ఇక రావద్దని చెప్పాలి. సంఘానికి కొత్త కమిటీ వచ్చింది. అందులో ఒక్కరికీ ఆమె చేసే పనేమిటో తెలియదు.

ఎలా తెలుస్తుంది? ఇక్కడి తెలుగువాళ్ళు ఏ ఇల్లాలు ఎదురైనా ముందు అడిగేది “మీవారు ఏ మినిస్ట్రీ?” అని. ఆపైన కిరణ్మయి నోరు తెరిచేలోగా భర్త పార్థసారథి అందుకుంటాడు. ఆయన సెక్షన్ ఆఫీసరు. పోస్టూ స్కేలూ లేని పని ఆయన దృష్టిలో పనే కాదు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ముందురోజు సాయంత్రం కూర్చుని, ఆఫీసు ఫైల్లో పెట్టే పద్ధతిలో రెండు పేజీల నోట్ తయారుచేశాడు మహానుభావుడు.

“ఇదేంటండీ, నా పేరు రెండో పేజీలో ఉంది?” అని అడిగిందామె.

“ముందు నేపథ్యం రావాలి. కమిటీలో అందరూ రిటైరైన ఆఫీసర్లూ, వాళ్ళ ఆవిడలూ. వాళ్ళకి ఇలా రాస్తేనే ఎక్కుతుంది. నీకు తెలీదు, ఊరుకో.”

ఊరుకుంది. బుద్ధితక్కువ.

“సంఘ భవనంలోని వెనుక గది వినియోగ విషయమై సమర్పించునది ఏమనగా...” అని ఆదివారం కమిటీ మీటింగులో చదవడం మొదలుపెట్టింది. మూడో పేరాకల్లా అధ్యక్షుడు వెంకటసుబ్బయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కోశాధికారి సుధీంద్ర సమోసా తుంచుకున్నాడు. “పై పేరాలో పేర్కొనబడిన సేవలు” అన్నచోట ఆమెకే రోత పుట్టింది.

“స్పీచ్ అంటున్నారు, స్పోకెన్ ఇంగ్లీషా అమ్మా?” అన్నారు వెంకటసుబ్బయ్య.

“అలాంటిదేనండీ,” వెనక కుర్చీలోంచి పార్థసారథి అందుకున్నాడు. “ఇంట్లో తోచక, ఏదో కాలక్షేపానికి.”

“అచ్ఛా. అయితే తొందరేముంది, వచ్చే మీటింగులో చూద్దాం.”

వచ్చే మీటింగంటే మూడు నెలలు. కిరణ్మయి కాగితాలు మడిచి బల్లమీద పడేసింది. “మీరు కాసేపు మాట్లాడకండి,” అంది భర్తతో.

“నా పేరు కిరణ్మయి. నేను స్పీచ్ థెరపిస్టుని. ఇంగ్లీషు నేర్పను. నాలుగేళ్ళొచ్చినా అమ్మా అనలేని పిల్లలకి మాట తెప్పిస్తాను. నత్తి తగ్గిస్తాను. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ళకి మళ్ళీ మాట్లాడడం నేర్పుతాను, వాళ్ళని మాత్రం మొదటి నెలల్లోనే తీసుకురావాలి. ఇదే చదివాను, ఇదే చేస్తున్నాను. వారానికి నాలుగు రోజులు, మధ్యాహ్నం పూట ఆ గది కావాలి.”

నిమిషం కూడా పట్టలేదు. పదకొండేళ్ళుగా ఆ నిమిషమే ఎవరూ ఇవ్వలేదని అనుకుంటోంది.

“ఇంత మంచి పనని ముందే చెప్పొచ్చు కదమ్మా,” అన్నారు వెంకటసుబ్బయ్య. “ఠీక్ హై, రేపు తాళాలు తీసుకోండి.”

అందరూ లేచారు. కమిటీ సభ్యురాలు నాగేంద్రమ్మ మాత్రం కూర్చునే ఉంది. కిరణ్మయి ఆవిడ దగ్గరికి వెళ్ళింది.

“పోయిన కార్తీకంలో వనభోజనాలప్పుడు నీ పక్కనే కూర్చున్నానమ్మాయ్,” అంది ఆవిడ నెమ్మదిగా. “నువ్వేం చేస్తుంటావని అడిగాను. నువ్వు మీ ఆయన వంక చూశావు. హౌస్‌వైఫ్ అన్నాడాయన. నువ్వు నవ్వి ఊరుకున్నావు.”

కిరణ్మయికి లీలగా గుర్తొచ్చింది.

“అప్పటికి మా ఆయనకి మాట పడిపోయి ఇరవై రోజులు. ఇప్పటికి పది నెలలు. ఇప్పుడు తీసుకొస్తే వస్తుందా?”

“రేపే తీసుకురండి,” అంది కిరణ్మయి, ఆవిడ మొహం చూడలేక.