చేపలాయన డబ్బా

చచ్చిన చేపల్ని జల్లెడతో తీసి పక్కన పడేసి, చేపలాయన తన డబ్బాలోంచి కొత్తవాటిని అద్దాల తొట్టిలోకి వదిలాడు. రంగుల ఫ్యాక్టరీలో శుద్ధి చేసిన నీళ్ళు ఈ తొట్టిలోకే వస్తాయి. చేపలు ఈదుతుంటే నీళ్ళు మంచివన్నట్టు. ఏటా ఆ తొట్టి ఫొటోయే పర్యావరణ నివేదిక అట్ట మీదికెక్కుతుంది. అది చూసి చుట్టుపక్కల తోళ్ళ ఫ్యాక్టరీ, మందుల ఫ్యాక్టరీ కూడా తలో తొట్టి పెట్టుకున్నాయి. అన్నిటికీ చేపలు మార్చే దిక్కు ఈయనే. ఈయన చెయ్యి తగిలితే చచ్చిన చేపయినా తోకాడిస్తుందని కూలీలు కోతలు కోసేవాళ్ళు. నమ్మినవాళ్ళూ లేకపోలేదు.

వంగిన నడుం, నీలం తిరిగిన గోళ్ళు. ఎప్పుడొచ్చి చేరాడో మేనేజరుకే తెలీదు. ఆయన కాంట్రాక్టరు మనిషి, ఫ్యాక్టరీ లెక్కలో లేడు. లెక్కలో చేరితే భార్య ఆయాసానికి కంపెనీ ఆస్పత్రిలో వైద్యం దొరుకుతుంది. ఆయనకు కావలసింది అదొక్కటే.

"మధ్యాహ్నం నివేదికవాళ్ళొస్తున్నారు మామా," అన్నాడు సూపర్‌వైజరు. "ఇవాళ చేపలు నిలబడితే నీ పేరెక్కించే పూచీ నాది."

"పోయినేడూ ఇదే పూచీ. అప్పటి చేపలన్నీ పోయాయి, నీ పూచీ మాత్రం బతికే ఉంది బాబూ."

సూపర్‌వైజరు నవ్వు ముగిసేలోపే తొట్టిలోకి నీళ్ళు రావడం ఆగిపోయింది. తొట్టికి నీళ్ళు తోడే గొయ్యిలో పంపు మూతికి బురద అడ్డుపడింది. గొయ్యి మూత తీస్తే కుళ్ళిన గుడ్ల కంపు.

"లోపల విషగాలి ఉందేమో చూసే మిషను రావాలి, ఆగు మామా!"

"అదొచ్చేసరికి వాళ్ళొచ్చి వెళ్ళిపోతారు. నా మిషను నాకుందిలే."

డబ్బాలో రెండు చేపలు మిగిలాయి. డబ్బాకు తాడు కట్టి గొయ్యిలోకి దించాడు. కాసేపాగి పైకి లాగాడు. చేపలు చురుగ్గా తిరుగుతున్నాయి. చేప బతికితే అంతా క్షేమమేనని ఇన్నాళ్ళూ లోకాన్ని నమ్మించిన మనిషి, చివరికి తనూ నమ్మాడు. డబ్బాలోవి ఇంటి కుళాయి నీళ్ళని, వాటిలో ఉన్న చేపకు గొయ్యి గాలితో పని లేదని తట్టలేదు.

"సాయంత్రం ఆస్పత్రికి తీసుకెళ్తానని మీ అత్తకు ఫోన్ చేసి చెప్పు," అంటూ నిచ్చెన దిగాడు.

బురదలో కర్ర కదిలిన చప్పుడయింది. పంపు గుడగుడమంది. తొట్టిలోకి నీళ్ళొచ్చాయి. చేపలాయన రాలేదు.

వెనక గేటు నుంచి ఆయన్ని ఆటోలో పంపించేశారు. ముందు గేటు నుంచి నివేదికవాళ్ళు వచ్చారు.

"ఈ ఏడు ప్రాణనష్టం ఏమైనా ఉందా?" అని వాళ్ళలో పెద్దావిడ అడిగింది.

సూపర్‌వైజరు నోరు తెరవబోయాడు. "మావాళ్ళెవరూ లేరు మేడమ్, సున్నా," అన్నాడు మేనేజరు.

అందరూ తొట్టి ముందు నిలబడి ఫొటో దిగారు.

గొయ్యి గట్టు మీద, తాడు కట్టిన డబ్బాలో, రెండు చేపలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి.