శవం లేని శోకం

ఫెలిమ్ పడవ 1986 నవంబరులో తిరిగి రాలేదు. మూడు చెక్కలు, ఒక చుక్కాని దొరికాయి. మనిషి దొరకలేదు. అందుకని ఆ ఇంట్లో అతని కోసం ఎవరూ ఏడవలేదు.

ఐర్లండ్‌లో, డొనెగాల్ పడమటి తీరంలో అది పద్ధతి. చనిపోయినవాడిని కడిగి, బట్టలు తొడిగి, బల్ల మీద పడుకోబెట్టేదాకా శోకం ఎత్తుకోకూడదు. ముందే ఎత్తుకుంటే పై లోకపు దారిలో పడుకున్న కుక్కలు లేస్తాయంటారు. అవి పోయేవాడిని తరుముతాయి. వాడికి ఇక నిలవ నీడ ఉండదు. ఫెలిమ్ తల్లి నెల్ ఆ చుట్టుపక్కల శోకం పట్టగలిగిన చివరి మనిషి. అరవై శవాల తలాపున కూర్చుంది. సొంత కొడుకు దగ్గరకొచ్చేసరికి మూడేళ్లుగా నోరు కట్టుకుని ఉంది.

ఆమె కూతురు ఊనాకి ఆ పద్ధతి తెలియక కాదు.

ఊనా గాయని. 1989 చలికాలంలో తన పాటలతో ఆల్బమ్ చేసింది. రేవులో మూతపడిన ఉప్పుచేపల షెడ్డు అద్దెకు తీసుకుంది. డెర్రీ నుంచి కోర్మక్ అనే సౌండ్ ఇంజనీరు వచ్చాడు. ఆ షెడ్డులో ఒకసారి దగ్గితే ఆ దగ్గు ఆరు సెకన్లు వినపడేది. కోర్మక్‌కు కావలసింది అదే. బ్యాగ్‌పైపుల శ్రుతి, సింథసైజరు, ఊనా గొంతు, అంతే. ఎనిమిది పాటలు పూర్తయ్యాయి. తొమ్మిదోది కుదరలేదు. నాలుగు రోజులు చూసి, ఐదో రోజు ఊనా మైకు ముందు కూర్చుని తల్లి శోకపు వరస అందుకుంది.

పాట అయ్యాక కోర్మక్ హెడ్‌ఫోన్లు తీశాడు.

"మాటలేవి?"

"మాటలుంటే శోకం అవుతుంది. లేకపోతే ఉత్త రాగమే."

"మీ అమ్మ కూడా ఆ మాటే అంటుందా?"

"మా అమ్మకి చెబితే కదా!"

అదే వరసను ఆమె నలభై సార్లు పాడింది. అతను ఒకదాని మీద ఒకటి పేర్చాడు. "నలభై మంది ఊనాలు! ఇక్కడ ఒక్కదానితోనే వేగలేక చస్తున్నా" అన్నాడు. తర్వాత టేపు వెనక్కి తిప్పి ఒకచోట ఆపాడు. పాట ఆగి మళ్లీ మొదలయ్యే ఖాళీలో ఎవరో ఆయాసపడుతున్నట్టు వినపడింది.

"పరిగెత్తుతూ పాడావా ఏంటి?"

"కూర్చునే పాడాను. నువ్వు చూస్తూనే ఉన్నావుగా."

కోర్మక్ తీగలన్నీ విప్పి మళ్లీ తగిలించాడు. ఆయాసం పోలేదు. నాలుగుసార్లు విన్నాడు. "బాగుంది, ఉంచేద్దాం" అన్నాడు. ఊనా సరేనంది.

ఏప్రిల్‌లో ఆల్బమ్ వచ్చింది. పేరు 'తిరుగు పోటు'. మొదటి నెల పదకొండు వందలు అమ్ముడయ్యాయి. మే నెలలో లండన్ రేడియోలో తొమ్మిదో పాట వేశారు. ఆగస్టుకల్లా లెక్క ఎనిమిది లక్షలకు చేరింది. పళ్ల డాక్టర్ల దగ్గర, విమానాశ్రయాల్లో, పసిపిల్లల ఊయల పక్కన అదే పాట. ఊనా తొమ్మిది దేశాలు తిరిగింది. నెల్ ఇంట్లో రేడియో లేదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు.

సెప్టెంబరులో కంపెనీవాళ్లు ఊనాకి ఉత్తరాల సంచి పంపారు. ఒహాయోలో ఒక నర్సు రాసింది: "చివరి పాట వస్తుండగా తలుపు దగ్గర ఒక కుర్రాడు నిలబడ్డాడు. తడిసిపోయి, రొప్పుతున్నాడు. మా అందరి ముఖాలు చూసి, మీరు కాదన్నట్టు తల ఊపి వెళ్లిపోయాడు. అతను నిలబడినచోట నీళ్లు ఉప్పగా ఉన్నాయి. మా కుక్క రెండు రోజులు మంచం కింద నుంచి రాలేదు." బెర్గెన్ నుంచి ఒకటి, ఒసాకా నుంచి ఒకటి అలాంటివే వచ్చాయి. ఒసాకా ఆవిడ మరో సంగతి రాసింది. ఆ కుర్రాడి స్వెటరు నీలం, ఎడమ మోచేతి దగ్గర ఎర్ర ఊలుతో రఫూ చేసి ఉంది.

అన్న స్వెటరుకి ఆ ఎర్ర ఊలు కుట్టింది ఊనాయే. నీలం ఊలు అయిపోతే.

ఆమె ఆ ఉత్తరాలు పట్టుకుని తల్లి దగ్గరకు వెళ్లింది. చదివి వినిపించింది. నెల్ బంగాళాదుంపలు ఒలవడం ఆపలేదు.

"ఎన్ని ఇళ్లకి వెళ్లిందే నీ పాట?"

"ఎనిమిది లక్షలు."

"ఎనిమిది లక్షల గుమ్మాల్లో నిలబడి పిలిచావన్నమాట. మనది ఏదో వాడికెలా తెలుస్తుందే?"

"మాటలు లేకుండానే పాడానమ్మా."

"కుక్కలకి మాటలెందుకే పిచ్చిదానా?"

ఊనా కంపెనీకి ఫోన్ చేసింది. అమ్మకం ఆపినా అమ్ముడైనవి వెనక్కి రావని వాళ్లన్నారు. ఆపుతామని కూడా అనలేదు.

నెల్ రెండు రోజులు ఆలోచించింది. "మనిషి లేడు. వాడి ఆదివారం బట్టలున్నాయి. వాటిని పడుకోబెడదాం. నేను శోకం పడతాను, నువ్వందుకో. సొంతింట్లోంచి ఒక్క గొంతు వాడి చెవిన పడాలి. లోపలికొస్తే ఇక వాడికి తిరుగుడు ఉండదు."

ఆదివారం మధ్యాహ్నం బట్టలు ఉతికి, బల్ల మీద చొక్కా, కోటు, ప్యాంటు, బూట్లు వరసగా పరిచారు. చావింటి పద్ధతి ప్రకారం గడియారం ఆపారు. అద్దానికి గుడ్డ కప్పారు. పొరుగువాళ్లు పన్నెండు మంది వచ్చారు. సారా కొట్టు హ్యూడీ టోపీ తీసి లోపలికొచ్చి బల్ల వైపు చూశాడు.

"నెల్లక్కా, కోటుకి జాగారం ఇదే మొదలు. విస్కీ కూడా కోటుకే పోస్తావా?"

"నీకే పోస్తాలేరా. నోర్మూసుకు కూర్చో."

బయట పొగమంచు. నెల్ కొడుకు పేరు చెప్పి శోకం ఎత్తుకుంది. డెబ్బై ఒకటో ఏట ఆమె గొంతు రెండుచోట్ల పగిలింది. ఊనా అందుకుంది. పావుగంట గడిచేసరికి పొయ్యి దగ్గర కుక్క లేచి అలమర కిందికి దూరింది. బాటలో అడుగులు వినపడ్డాయి. తడి బూట్ల చప్పుడు. ఆయాసం. అందరూ విన్నారు. హ్యూడీ గ్లాసు కింద పెట్టాడు. తలుపు గొళ్లెం సగం లేచింది.

అప్పుడు కింద రేవులో టూరిస్టు బస్సు ఆగింది. ఊనా ఊరు చూడటానికి వచ్చినవాళ్లు. డ్రైవరు తలుపు తీసి, వాళ్ల కోసం స్పీకరులో తొమ్మిదో పాట వేశాడు. నలభై గొంతులు కొండ ఎక్కి వచ్చాయి.

గొళ్లెం పడింది. అడుగులు ఒక క్షణం కదల్లేదు. తర్వాత కొండ దిగాయి.

నెల్ పాట ఆపలేదు. ఊనా లేచి పరిగెత్తింది. గుమ్మం రాయి మీద రెండు తడి అడుగుల గుర్తులు లోపలి వైపు తిరిగి ఉన్నాయి. మిగతావన్నీ కిందికే. ఆమె బస్సు చేరేసరికి డ్రైవరు మెట్ల మీద నీళ్లు చూస్తున్నాడు.

"వాన లేదు కదమ్మా, ఈ తడేంటి?"

"పాట ఆపు."

అతను ఆపాడు. తడి మెట్ల నుంచి చివరి సీటు దాకా వెళ్లి అక్కడితో ఆగింది. సీటు ఖాళీ. ఊనా ఆ సీటు వైపు చూసి అన్నని పేరు పెట్టి పిలిచింది. రెండుసార్లు పిలిచింది. ముందు వరసలో ఒకావిడ క్యాసెట్ అందించి సంతకం అడిగింది.

ఊనా ఇంటికి వచ్చేసరికి పొరుగువాళ్లు వెళ్లిపోతున్నారు. ఒకామె కోటు మడవబోతే నెల్ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనీ. గుమ్మం దాకా వచ్చాడుగా. రేపు మళ్లీ కూర్చుందాం."

మర్నాడు డబ్లిన్‌లో ఊనా రెండో ఆల్బమ్‌కి సంతకం పెట్టాలి. కారు తొమ్మిదింటికి వచ్చింది. డ్రైవరు హారన్ మూడుసార్లు కొట్టాడు. ఊనా బల్ల ఇవతల, తల్లికి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"మొదలుపెట్టమ్మా" అంది.