పనికొస్తుంది, పారెయ్యకు

మా స్నానాల గదిలో మనిషి తప్ప అన్నీ పడతాయి. ఖాళీ షాంపూ సీసాలు పదకొండు, అడుగు ఊడిన మగ్గులు మూడు, అరిగిపోయిన టూత్ బ్రష్షులు డబ్బా నిండా. ఇదంతా మా అత్తగారి ఆస్తి. నలభై ఏళ్ళు బట్టలు కుట్టి సంసారం ఈదిన మనిషి. జానెడు గుడ్డ ముక్క పారెయ్యని చెయ్యి సీసాలు మాత్రం ఎందుకు పారేస్తుంది?

పోయిన నెల ఆవిడ ఆ మగ్గుల మధ్యే జారిపడ్డారు. ఎముక విరగలేదు గానీ మోకాలు బూరెలా వాచింది. అప్పటినుంచీ స్నానం నేనే చేయిస్తున్నాను. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంటారు, తను చూడకపోతే నాకూ కనబడదన్నట్టు. ఈ హడావిడిలో నేను పనిచేసే మందుల షాపుకి రోజూ ఆలస్యమే. ఇక లాభం లేదని మా ఆయన తేల్చేశారు: ఆదివారం అమ్మ తనంతట తాను స్నానం చేస్తే సరే, లేదంటే సోమవారం నుంచి ఆయా వస్తుంది.

"పరాయిదాని ముందు బట్టలు విప్పమంటావా? అంతకంటే స్నానమే మానేస్తా," అన్నారు అత్తగారు. అన్నారంటే చేస్తారు కూడా.

శనివారం ప్లంబరు వచ్చి గోడకి పట్టుకునే కడ్డీ బిగించి వెళ్ళాడు. ఆ కడ్డీ దాకా నడవడానికే దారి లేదు. ఆదివారం పొద్దున్నే నడుం బిగించాను. అత్తగారు గుమ్మంలో కుర్చీ వేయించుకుని కాపలా కూర్చున్నారు.

"ఈ బ్రష్షులెందుకు అత్తయ్యా?"

"కుళాయి సందులు తోమడానికి పనికొస్తాయి."

"మనకున్నవి రెండు కుళాయిలు. ఇవి ముప్ఫై ఉన్నాయి!"

"అరగవా ఏంటి?"

"సరే, ఈ మగ్గుకి అడుగే లేదు."

"మొక్క చుట్టూ గుచ్చితే పనికొస్తుంది."

"మనింట్లో మొక్కల్లేవు."

"పెట్టుకుంటే ఉంటాయి."

ఒళ్ళు మండిపోయింది. పది కొట్టేసరికి 'పనికొస్తుంది' అన్న మాట చెవిలో జోరీగైపోయింది. ఇక ఆ మాట వినడమే మానేశాను. చేసిన తప్పు అదే.

చివరికి మూడు సీసాలు మిగిలాయి: ఒంటి సబ్బు, షాంపూ, నేల కడిగే మందు. ఒక్కోదాని మెడకీ మాసిన దారం, దారానికి ముడులు.

"ఆ దారాలు ఉంచు, పనికొస్తాయి."

"ఆఁ, ఎందుకు రావూ," అంటూ కత్తెరతో తెంపి, సీసాలతో సహా చెత్త సంచిలో కుక్కాను. వాటి బదులు మూడు తెల్ల సీసాలు, ఒకే అచ్చువి, కొని తెచ్చాను. కొత్త సరుకు నింపి, షాపులో అంటించినట్టు ముత్యాల్లాంటి అక్షరాలతో లేబుళ్ళు అంటించాను. గదంతా ఒకే వాసన రావాలని మూడూ నిమ్మవాసనవే ఎంచాను. ఆ అల్మారా చూసుకుని నేనే మురిసిపోయాను.

నాలుగింటికి అత్తగారు కడ్డీ పట్టుకుని, ఎక్కడా తడబడకుండా లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. మా ఆయన హాల్లో పేపరు పట్టుకుని చెవి మాత్రం ఇటే పెట్టారు. కాసేపు నీళ్ళ చప్పుడు వినిపించింది. తర్వాత అదీ ఆగింది.

"అమ్మాయ్," తలుపు బెత్తెడు తెరిచి, గొంతు తగ్గించి పిలిచారు. "షాంపూ ఏదే?"

"లేబుల్ ఉంది కదా అత్తయ్యా!"

"కళ్ళజోడు పెట్టుకుని తల రుద్దుకుంటారుటే ఎవరైనా? ఒక ముడి సబ్బు, రెండు ముడులు షాంపూ, మూడు ముడులు నేల మందు. తడిమితే తెలిసేది. పనికొస్తాయని మొత్తుకున్నానా?"

నాకు తల కొట్టేసినట్టయింది. "పోనీ, వాసన చూడండి."

"చూశాను. మూడూ నిమ్మకాయలే."

"ఎడమ పక్కది..." అనబోయి ఆగిపోయాను. ఏది ఎటు పెట్టానో నాకే గుర్తులేదు. లేబులుందన్న ధీమా మరి!

"ఏమైంది? లోపలికి వెళ్ళాల్సొచ్చిందా?" హాల్లోంచి మా ఆయన కేకేశారు. "నేను ముందే చెప్పాను. ఆయాని ఖాయం చేసేస్తున్నా."

నా మీద నాకే పట్టరాని కోపం వచ్చింది. నెల రోజులు ఆవిడ కళ్ళు మూసుకుని కూర్చోవడం ఎదురుగా చూసినదాన్ని, నా సర్దుడు పిచ్చితో ఆవిణ్ణి తీసుకెళ్ళి పరాయి చేతుల్లో పెడుతున్నాను.

"మీరు పేపరు చదువుకోండి!" అని ఆయన మీద అరిచి తలుపు దగ్గర వంగాను. "అత్తయ్యా, సీసాలు ఒక్కొక్కటీ బయటికివ్వండి. నేను లోపలికి రాను."

సీసా పట్టుకున్న తడి చెయ్యి ఒక్కటే బయటికొచ్చింది.

"ఇది నేల మందు. నా దగ్గరుంచుతాను."

చెయ్యి మళ్ళీ వచ్చింది.

"ఇది షాంపూ. లోపల మిగిలింది సబ్బు."

తలుపు మూసుకుంది. నేల మందు సీసా ఒళ్ళో పెట్టుకుని గుమ్మం బయటే చతికిలబడ్డాను.

అరగంటకి ఆవిడ బట్టలు కట్టుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చారు. మా ఆయన ఎదురెళ్ళారు.

"ఎవరి సాయం లేకుండానే చేశావా అమ్మా?"

"సాయమా? ఉన్న సాయాన్ని తెంపి చెత్తలో పారేసింది నీ పెళ్ళాం. అయినా నా ఒళ్ళు నేనే కడుక్కున్నాను. ఆ ఆయాని రావద్దని చెప్పు."

ఆయన నావైపు చూశారు. గుమ్మం దాటలేదన్నాను. ఆయన ఫోన్ తీశారు.

ఆయన రావద్దని చెప్పేదాకా అత్తగారు అక్కడే నిలబడి విన్నారు. తర్వాత నావైపు తిరిగి వేలు చూపించారు.

"ఇంకోసారి నా స్నానాల గది సర్దావో, ఆయాని నీకు పెట్టిస్తాను!"