పాలు పితికే చీర

మస్కట్ నుంచి వచ్చిన రోజే లావణ్యను కార్వాన్‌లోని అత్తింట్లో ఇద్దరు కాదన్నారు. ఒకటి బర్రె, రెండోది కడుపున పుట్టిన పిల్ల.

బర్రె పేరు మల్లి. లావణ్య కొట్టంలోకి కాలు పెట్టగానే ముక్కులెగరేసి, కట్టు తెంపుకునేంత పని చేసింది. నాలుగేళ్ల కూతురు వర్షిత అయితే, తల్లి చేతులు చాపితే ముక్కు మూసుకొని నానమ్మ వెనక దాక్కుంది.

"రెండేండ్లకు వస్తివి. ఇగ నీ వాసన ఎవరికెరుకనే?" అంది అత్త సుశీలమ్మ. "గా కనుబొమలేంది? మొఖం మీద రెండు జెర్రులు పారుతున్నట్టున్నయ్."

"అక్కడ అందరు గిట్లనే దిద్దుకుంటరు అత్తమ్మా."

"అక్కడ బర్రెలు లేవేమో."

మస్కట్‌లో లావణ్య ఆడవాళ్ల బ్యూటీపార్లర్‌లో పనిచేసింది. ముస్తాబంతా అక్కడ నేర్చిందే. స్నానం కాగానే చెవుల వెనక అత్తరు. పొద్దు గూకే వేళ చిన్న మట్టి కుంపట్లో నిప్పుల మీద ఊదు చెక్క వేసి, తడి జుట్టును ఆ పొగలో ఆరబెట్టుకోవడం, కట్టబోయే చీరకు కూడా అదే పొగ పట్టించడం.

మానెయ్యమని మొగుడు బబ్లూ కూడా అన్నాడు. ఆమె మానలేదు. పెళ్లయిన కొత్తలో పత్తర్‌గట్టి బజారులో గాజులేయించుకుంటుంటే, పక్కనున్న ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని అవతలికి జరిగి కూర్చుంది. లావణ్య ఒంటి మీద పేడ వాసన. ఆ జరగడం లావణ్య మనసులో ముల్లులా ఉండిపోయింది. మస్కట్‌లో ఆమె పక్క నుంచి ఎవరూ జరగలేదు. ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషిని దగ్గరికి పిలిచి, ఏం అత్తరు పూసుకున్నావని అడిగారు.

కానీ పిల్ల సంగతి తలుచుకుంటే భయమేసేది. రేపు జ్వరమొస్తే నా ఒళ్లోకి రాదేమో. బడిలో అమ్మ పేరడిగితే ఎవరి పేరు చెబుతుందో.

వర్షిత నానమ్మ పక్కనే పడుకునేది. పాలు పితికేటప్పుడు సుశీలమ్మ చుట్టుకునే పాత నీలం చీరే పిల్లకు దుప్పటి. దాని కొంగు గుప్పిట్లో లేనిదే కన్ను మూయదు. తెల్లవారుజామున సుశీలమ్మ దాన్ని మెల్లగా లాగి, కట్టుకున్న చీర మీదే చుట్టుకొని కొట్టంలోకి పోయేది. మల్లికీ ఆ చీరే కావాలి. వేరే చీరతో పోతే చేపదు, చుక్క పాలివ్వదు.

ఒకరోజు అన్నం తింటూ సుశీలమ్మ అసలు మాట బయటపెట్టింది. "బబ్లూతోని మాట్లాడిన. మల్ల మస్కట్ పో. పిల్ల ఎట్లనూ నీ కాడికి రాదు, నా కాడనే ఉంటది."

"నా పిల్లనిడిచి నేను పోను."

"పిల్లనడుగు. ఎవరి పిల్లనో అదే చెప్తది."

సాయంత్రం అత్త ఇళ్లకు పాలు పొయ్యడానికి పోగానే లావణ్య కొక్కేనికున్న నీలం చీర తీసింది. మడత తర్వాత మడత కుంపటి మీద పట్టింది. పొగ దారం దారంలోకి ఎక్కేదాకా పట్టి, మళ్లీ అక్కడే తగిలించింది. ఇల్లంతా రోజూ ఉండే వాసనే కాబట్టి సుశీలమ్మకు తేడా తెలియలేదు. పిల్ల కాసేపు గునిసి, చివరకు ఆ కొంగే పట్టుకొని నిద్రపోయింది.

తెల్లారగట్ల కొట్టంలోంచి బకెట్టు దొర్లిన చప్పుడు వినిపించింది. లావణ్య లేచి వెళ్లేసరికి సుశీలమ్మ పేడలో కూలబడి మోకాలు పట్టుకొని ఉంది. మల్లి ఇంకా కాళ్లు విదిలిస్తూనే ఉంది. సుశీలమ్మ కొంగు ముక్కు దగ్గరికి తెచ్చుకుంది, వాసన చూసింది, కోడలి వైపు తల తిప్పింది.

"నా చీరకు పొగ పెట్టినవ్."

"పెట్టిన."

"దొంగబుద్ధి."

"దొంగ ఎవరత్తమ్మా? మస్కట్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా పిల్ల పండుకున్నదన్నవ్. పట్టపగలు గూడ పండుకున్నదే అన్నవ్. ఒక్కసారన్న లేపినవా?"

సుశీలమ్మ గోడ పట్టుకొని లేచింది. పైన చుట్టుకున్న నీలం చీర విప్పి, ఉండ చుట్టి కోడలి మొహాన కొట్టింది. "తీస్కో. ఇది గూడ నువ్వే తీస్కో."

లావణ్య ఇంట్లోకొచ్చి గడప లోపల కూలబడింది. చీర ఒళ్లో ఉంది. లొల్లికి లేచిన వర్షిత కళ్లు నులుముకుంటూ వచ్చి, కుంటుతూ వస్తున్న నానమ్మను చూసింది, చీరను చూసింది. ముక్కు మూసుకోలేదు. నేరుగా వచ్చి కొంగు గుప్పిట పట్టి, వేలు నోట్లో పెట్టుకొని తల్లి ఒళ్లో ఒరిగింది.

లావణ్య కదలకుండా కూర్చుంది. కదిలితే లేచిపోతుందని భయం.

"చీర కోసమొచ్చింది," అంది సుశీలమ్మ. "నీ కోసం గాదు."

"వచ్చింది గద."

బయట గిన్నెలు పట్టుకొని రోజూ పాలు పోయించుకునేవాళ్లు తలుపు కొడుతున్నారు. పొదుగు సలిపి మల్లి అరుస్తోంది.

"ఆ చీర ఉతికియ్యి. లేకుంటే బర్రె చేపదు."

లావణ్య పిల్ల జుట్టు మీద చెయ్యి వేసి, చీరను ఇద్దరి మీదికీ లాక్కుంది.

"నేనుతకను."