వెనక సీటులో ఫ్యామిలీ

"నువ్వేం మాట్లాడాల్సిన పన్లే. ఎనక సీట్లో ఊరికే కూచో, చాలు" అని ఖాజావలి ఆ రోజు కూడా భార్యకు చెప్పాడు. ఖాలిదా అప్పటికి అన్నం వార్చి, ఆయన స్నేహితుల కోసం కోడికూర డబ్బాల్లో సర్ది, సింకు నిండా ఉన్న గిన్నెలు తోమి, అబాయా తొడుక్కుంటోంది. ఊరికే కూర్చోమనే మాట వింటే ఆమెకు నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది. రెండేళ్ళుగా ఆయన బండిలో ఆమె చేస్తున్న పని అదే మరి.

ఖాజావలి రాయచోటి నుంచి రియాద్ వచ్చి ఒక కంపెనీలో డ్రైవరుగా కుదురుకున్నవాడు. సౌదీవాళ్ళకే ముందు ఉద్యోగాలివ్వాలనే నితాఖాత్ చట్టం వచ్చి కంపెనీలు మనుషుల్ని వదిలించుకోవడం మొదలుపెట్టాక, ఇఖామా అనే నివాసపు కార్డు గడువు తీరిపోయినవాళ్ళకీ, వీసాకు పూచీపడ్డ యజమాని, అంటే కఫీల్, పాస్‌పోర్టు ఇవ్వకుండా తిప్పుకుంటున్నవాళ్ళకీ సాయం చేయడానికి తెలుగువాళ్ళు కొందరు కలిసి సంఘం పెట్టుకున్నారు. అందులో ఈయన ముందుంటాడు. మంచి పనే, కాదనడానికి లేదు. ఊరి శివార్లలోని సులై కూలీల క్యాంపుల్లో చిక్కుకుపోయినవాళ్ళను ఎంబసీకి, ఆస్పత్రికి తన బండిలో తిప్పుతాడు. దారిలో పోలీసుల చెక్‌పాయింట్లుంటాయి. అంతా మగవాళ్ళే ఉన్న బండినైతే ఆపి, ఒక్కొక్కరి ఇఖామా అడుగుతారు. వెనక సీటులో నల్లటి అబాయా కనబడిందా, ఫ్యామిలీ అనుకుని చెయ్యి ఊపి పంపించేస్తారు. ఆ ఫ్యామిలీయే ఖాలిదా. బండికి స్టెప్నీ టైరు ఎంత అవసరమో సంఘానికి ఆమె అంత అవసరం. శాలువాలు కప్పే రోజున మాత్రం స్టెప్నీని ఎవరూ వేదిక మీదకు పిలవరు. ఆ రోజు బిర్యానీ వండేదీ ఆమే.

ఆ ఏడాది కుటుంబాల మీద లెవీ పడింది. ఇంట్లో కూర్చున్న భార్యకు కూడా నెలకింతని ప్రభుత్వానికి డబ్బు కట్టాలన్నారు. చుట్టుపక్కల తెలుగువాళ్ళు ఒక్కొక్కరే ఆడవాళ్ళను ఊళ్ళకు పంపించేస్తున్నారు. "నీకు గూడా ఎగ్జిట్ కొట్టించి ఊరికి పంపిస్తా. ఈడ నువ్వు జేసే పనేముండాది చెప్పు" అన్నాడు ఖాజావలి, ఆమె కాల్చిన రొట్టె తుంచుకుంటూనే. అత్త అయితే ఫోనులో ఇంకో అడుగు ముందుకేసింది. "బిడ్డా పాపా ల్యాకపాయె. వాడు సంపాదించిందంతా నీ తలకాయ మీద కట్టాల్నా?" అంది. ఆ రోజు ఖాలిదాకు అన్నం సయించలేదు. వండడం మాత్రం వండింది. తాను చేసేది పని కాకపోతే, పనంటే ఏమిటో ఎవరైనా చెబితే నేర్చుకుందామని కూడా అనిపించింది ఆమెకు. అడిగితే పెడసరం అంటారని ఊరుకుంది.

ఇప్పుడు తీసుకెళ్ళాల్సింది జైనాబీ అనే మనిషిని. ఆమెది రాజంపేట దగ్గర పల్లె. ఒక ఇంట్లో పనికి చేరితే, జీతం ఇవ్వకపోగా చెయ్యి కూడా చేసుకోసాగారు. గోడ దూకి వచ్చేసింది. పారిపోయిందని కఫీల్ ఆమె మీద హురూబ్ రాయించాడు. హురూబ్ పడ్డ మనిషి రోడ్డు మీద దొరికితే జైలే. అయితే అప్పుడు క్షమాభిక్ష నడుస్తోంది. తనంతట తాను ప్రభుత్వ ఆఫీసుకు వెళ్ళి వేలిముద్రలు వేస్తే ఇంటికి పంపించేస్తారు. ఆ గడువు కూడా దగ్గరపడింది. సులైలో తెలిసినవాళ్ళింట తలదాచుకున్న జైనాబీకి, ఆఫీసుకు ముందున్న చెక్‌పాయింటు దాటితే ఊరు, దాటకపోతే జైలు.

"ఎవురన్నా అడిగితే తల దించుకో మా. అంతా నేను మాట్లాడతా" అని ఖాజావలి ఆమెకూ పాఠం చెప్పాడు. జైనాబీ తలూపింది. మొహం మీద ముసుగు, ఒళ్ళో చిన్న సంచి. పక్కన కూర్చున్న ఖాలిదాకు ఆమె చేతులు మాత్రమే కనబడుతున్నాయి. ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చలున్నాయి వాటి మీద. పాపం, దారిలో ఏడిస్తే ఓదార్చాలని ఖాలిదా సిద్ధపడే ఉంది.

చెక్‌పాయింటులో ఉన్నది నూనూగు మీసాల పోలీసు. కొత్తగా చేరినట్టున్నాడు, చెయ్యి ఊపలేదు. కిటికీలోంచి వెనక్కి తొంగిచూసి, కార్డులు ఇమ్మన్నాడు. ఖాజావలి తనదీ, ఖాలిదాదీ ఇచ్చాడు.

"రెండో ఆమె ఎవరు?" అని అరబ్బీలో అడిగాడు పోలీసు.

"నా భార్య. రెండో భార్య."

బజార్లో బేరాలాడి నేర్చుకున్న అరబ్బీ ఖాలిదాకు ఆ మాత్రం అర్థమైంది. నిలువుగుడ్లు పడ్డాయి. ఒక్క భార్యకు లెవీ కట్టడానికే ప్రాణం ఉసూరుమనే మనిషి, తడుముకోకుండా ఇంకో భార్యను పుట్టించాడు. వెనక కూర్చున్న ఇద్దరినీ ఒక్క మాట అడిగింది లేదు.

"ఆమె ఇఖామా?"

"ఇంట్లో మర్చిపోయింది."

"పెళ్ళి కాగితం?"

ఖాజావలి డ్యాష్‌బోర్డు అరలో వెతుకుతున్నట్టు నటించాడు. బండి పక్కకు తియ్యమన్నాడు పోలీసు.

అప్పుడు జైనాబీ అద్దం దించింది. ముసుగు పైకెత్తింది. మొహాన చెమట తప్ప కన్నీటి చుక్క లేదు. వంటింట్లో తిట్లు తిని తిని నేర్చుకున్న అరబ్బీలో, ఆ తిట్లు తిట్టినవాళ్ళకంటే మర్యాదగా మాట్లాడింది.

"నేను ఈయన భార్యను కాను. నాకు మేలు చెయ్యాలనే అబద్ధమాడాడు. నా పేరు జైనాబీ. నా మీద హురూబ్ ఉంది. మీ ఆఫీసుకే పోతున్నాను. వాళ్ళంతట వాళ్ళు వస్తే పంపిస్తామని మీరే చెప్పారు. వస్తున్నాను. రానిస్తారా, ఇక్కడే పట్టుకుంటారా?"

ఖాలిదా ఆమెనే చూస్తూ ఉండిపోయింది. ఎవరి భార్యా కాకుండా, ఎవరి ఫ్యామిలీ కాకుండా, పోలీసు కళ్ళలోకి చూసి తన పేరు తాను చెప్పుకున్న ఆడమనిషిని ఆమె అంతవరకూ చూడలేదు. ఇంత ధైర్యం ఈ చిన్న సంచి పట్టుకుని తన పక్కనే కూర్చుని వచ్చిందా! ఆమె మీద పడ్డ జాలి ఎటుపోయిందో తెలియలేదు. ఆమె కాళ్ళకు దండం పెట్టాలనిపించింది.

కుర్ర పోలీసుకు ఏం చెయ్యాలో తోచక పెద్దాఫీసరును పిలిచాడు. ఆయన జైనాబీని ఇంకో రెండు మాటలడిగి, గడ్డం నిమురుకుని, ఆ కనిపించే సిగ్నలు దాటితే ఆఫీసు, వెళ్ళి పని చూసుకోమన్నాడు. ఖాజావలిని మాత్రం కదలనివ్వలేదు. ఆమె కాగితం వచ్చేదాకా అబద్ధమాడినవాడు ఇక్కడే ఉండాలన్నాడు. ఖాలిదా కార్డు ఆమెకు ఇచ్చేశాడు.

ఖాలిదా తలుపు తీసుకుని దిగింది.

"నువ్వు యాడికి? బండ్లోనే ఉండు" అన్నాడు ఖాజావలి.

ఆమె వినిపించుకోలేదు. ఎండ మాడ్చేస్తోంది. లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. ఇద్దరూ రోడ్డు పక్కన నడిచారు. ఖాలిదా మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తోంది.

"బయమైతాందా అక్కా?"

"నీకు కాల్యా?"

"అయింది. నోరు తెరిచినాక పాయె" అంది జైనాబీ.

ఆఫీసు హాలంతా ఆడవాళ్ళు. శ్రీలంకవాళ్ళు, నల్లజాతివాళ్ళు, కడప జిల్లావాళ్ళు, గోదావరి జిల్లావాళ్ళు. కొందరికి చెప్పులు కూడా లేవు. ఒక్కొక్కరూ ఏదో గోడ దూకి, ఏదో రోడ్డు దాటి, ఎవరూ తీసుకురాకుండా తమంతట తాము వచ్చినవాళ్ళే. మసీదులో అడుగుపెట్టినట్టు ఖాలిదా గొంతు దానంతట అదే తగ్గిపోయింది. జైనాబీ వేళ్ళు గాజుపలక మీద పెట్టింది. చాకిరీకి అరిగిపోయిన వేళ్ళు, ముద్ర ఒక పట్టాన పడలేదు. ఖాలిదా తన అబాయా అంచుతో ఆ వేళ్ళు తుడిచి, ఒక్కొక్కటే నొక్కి పట్టింది. పడింది. ఇంటికి పోవచ్చన్న కాగితం చేతికొచ్చింది. ఖాలిదా దాన్ని ఫోటో తీసి ఖాజావలికి పంపింది.

కౌంటర్లో ఉన్న ఆమె, తోడు వచ్చినవాళ్ళ వివరాలు కూడా రాసుకుంటూ ఖాలిదా కార్డు అడిగింది. "నీ కఫీల్ ఎవరు?"

"నా భర్త."

జైనాబీ చటుక్కున తలెత్తింది. "మొగుడే కఫీలా అక్కా? అట్లయితే నీ మీద గూడా హురూబ్ పెడతాడా?"

ఎగతాళికి అడిగింది కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. ఖాలిదా కార్డును తిప్పి చూసుకుంది. ఇన్నేళ్ళు సంచిలో పెట్టుకు తిరిగింది గానీ, దాన్ని ఆ కంటితో ఎప్పుడూ చూడలేదు. నవ్వొచ్చింది, నవ్వుతుంటే గుండెలో కలుక్కుమంది. ఆలోగా పక్క బెంచీ మీదున్న ఏలూరావిడ ఆమె చెయ్యి పట్టుకుంది. "అక్కా, నాకు అరబ్బీ రాదండి. కాస్త తోడొస్తారా?"

ఫోను మోగింది. "నన్ను ఇడిసిపెట్నారు. బయట ఉండా, బిర్నా రా" అన్నాడు ఖాజావలి.

"ఈడ శానామంది ఉండారు. నేనిప్పుడే రాను. రేపు గూడా వస్తా. నాకు ఎగ్జిట్ కొట్టించొద్దు."

ఖాజావలికి ముందు డబ్బే గుర్తొచ్చింది. "మరి లెవీ ఎవురు కట్టాల?"

"నా కఫీల్ నువ్వే గదా" అంది ఖాలిదా. "నువ్వే కట్టు."